బస్సు తిరిగే చోటు

దిబ్బపాళెం,
నవంబరు 9

అమ్మా మెర్లిన్,

నేనూ పాప హెప్సీ బాగానే ఉన్నాము. పాపకు జలుబు తగ్గింది. నిన్న ఫోనులో నువ్వు ఆ మాట చెప్పగానే నేను ఏమీ అనకుండా ఫోను పాప చేతికిచ్చేశాను. కోపం అనుకున్నావేమో. కోపం కాదు తల్లీ. నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది, నేను ఏడిస్తే నువ్వు ఏడుస్తావు, ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండానే పెట్టేస్తాము. అందుకని రాస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు, ఆ తరవాత బైబిలు చదవడమే. తప్పులుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

జూన్‌లో బడి తెరిచేసరికి పాపను నువ్వు పనిచేసే తడకు తీసుకుపోతానన్నావు. నన్నూ వచ్చెయ్యమన్నావు. నువ్వు కన్నతల్లివి, వద్దనడానికి నేనెవరిని? కానీ నా కొడుకు పోయి ఏడాది దాటింది. ఈ ఇంట్లో అలికిడి అంటూ ఉంటే అది పాపదే. అది కూడా పోతే నేను ఎవరికోసం పొయ్యి వెలిగించాలి?

ఊళ్ళో ఇంక ఏముందని అన్నావు. రొయ్యల కంపెనీ మూసేశాక ఊరు చిక్కిపోయిన మాట నిజమే. నువ్వూ నేనూ ఒక బల్ల దగ్గర నిలబడి రొయ్యల తలలు తుంచినవాళ్ళమే కదా. ఐసుకు వేళ్ళు తిమ్మిరెక్కితే నా కొంగులో చుట్టుకునేదానివి. అది చూసే ఈ పిల్ల మా ఇంటికొస్తే బాగుండునని అనుకున్నాను. ఇప్పుడు ఆ గేటుకు తాళం. సగం ఇళ్ళకు కూడా తాళమే.

అయినా మంచి లేకపోలేదు. ఇల్లు మనది, రేపు ఖాళీ చెయ్యమనేవాడు లేడు. వేటకు పోయి వచ్చినవాళ్ళు గుమ్మంలో నాలుగు చేపలు పెట్టి పోతారు. మొన్న పాపకు జ్వరం ఎక్కువైతే పక్కింటి ధనలక్ష్మి ఊరంతా పరిగెత్తి ఆటో పట్టుకొచ్చింది, వాకాడు ఆసుపత్రిలో డాక్టరు వచ్చేదాకా నాతోనే కూర్చుంది. తడలో ఎవరు కూర్చుంటారు? ఇక్కడ పాప వీధిలో నడిస్తే టైటస్ కూతురు అంటారు. అక్కడ ఏమంటారు?

వేళకు తిను.

నీ అత్త,
ఎలిశబెతు

*

తడ,
నవంబరు 24

అత్తా,

మీ ఉత్తరం చూసి హాస్టల్లో అందరూ నవ్వారు, ఈ కాలంలో ఉత్తరాలేంటని. నవ్వనీయండి. నేను మాత్రం మూడుసార్లు చదివాను.

జ్వరం సంగతి మీరు మంచి కింద రాశారు. ఆటో కోసం ఊరంతా పరిగెత్తడం మంచి ఎట్లా అవుతుంది అత్తా? ఇక్కడ మా వీధి మలుపులోనే ఆసుపత్రి.

మీరు కోపగించుకోనంటే ఉన్నమాట రాస్తాను. రొయ్యల చెరువుల ఉప్పు దిగి మన బావి నీళ్ళు నోట్లో పెట్టుకునేటట్టు లేవు. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. బడిలో అయిదు తరగతులకు ఒక్క టీచరు. కంపెనీ మళ్ళీ తెరుస్తారని ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి మీ అబ్బాయి ఆ చెరువుల మీద పనికి పోలేదా? ఆ ఊరు ఆయనకు ఏమిచ్చింది?

ఇక్కడ నేను చేసేది ఫోను లోపలి పలకలకు చిన్న చిన్న స్క్రూలు బిగించే పని. చల్లటి హాలు. నిలబడి నిలబడి కాళ్ళు పీకుతాయి గానీ నెల తిరిగితే జీతం చేతికొస్తుంది. ఇంకో సంగతి. ఇక్కడ నన్ను ఎవరూ జాలిగా చూడరు. మన ఊళ్ళో నేను బిందె పట్టుకుని బయటికొస్తే, మాట్లాడుకునేవాళ్ళు ఠక్కున ఆపేస్తారు.

ఒక ఇల్లు చూశాను. మూడో అంతస్తు, రెండు గదులు. ఏప్రిల్ ఆఖరులోపు మాట చెప్పమన్నారు. ఒక్కసారి వచ్చి చూడండి. నచ్చకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

పాపకు ముద్దులు.

మీ మెర్లిన్

*

దిబ్బపాళెం,
డిసెంబరు 29

అమ్మా మెర్లిన్,

మేము క్షేమంగా చేరాము. నీ దగ్గరున్న ఆ మూడు రోజులూ నోరు మూసుకుని అన్నీ చూశాను. ఇప్పుడు రాస్తాను.

ఇల్లు బాగుంది. అబద్ధం చెప్పను. కుళాయి తిప్పగానే తీపినీళ్ళు వస్తుంటే నేను ఊరికే ఒకసారి తిప్పి కట్టేశాను, మళ్ళీ తిప్పాను. బడి గోడల మీద బొమ్మలు చూసి పాప అక్కడే కూర్చుంటానంది. నీ మాటలో న్యాయం ఉంది.

కానీ మెట్లమీద ముగ్గురు ఆడవాళ్ళు ఎదురైతే నేను నవ్వాను, ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. పనికి పోయి వచ్చి అలసిపోయినవాళ్ళు. నువ్వు పనికి పోతే, పాప బడికి పోతే, ఆ రెండు గదుల్లో నేను ఏ గోడతో మాట్లాడాలి? ఈ ఇంట్లో అయితే టైటస్ వాసన ఉంది. నవ్వకు.

తిరుగు ప్రయాణంలో ఒకటి చూశాను. మీ ఫ్యాక్టరీ గేటు ముందు బస్సులు ఆగినాయి. దిగేవాళ్ళంతా ఆడపిల్లలు, మెడలో కార్డులు. ఒక పిల్లను ఏ ఊరు అమ్మా అనడిగాను. "వాకాడు నుంచి వస్తాం పెద్దమ్మా, రోజూ పొయ్యొస్తాం. కంపెనీ బస్సే" అంది. వాకాడు! మన పక్కనే! ఆ పిల్ల రాత్రికి ఇంటికి పోయి తన పొయ్యి మీద అన్నం తింటుంది. నువ్వెందుకు హాస్టల్లో ఉండావు? ఆ బస్సు ఇంకొంచెం ముందుకొచ్చి మన ఊళ్ళో ఆగితే నువ్వు ఇంట్లో ఉండవచ్చు కదా. పాప నీ దగ్గరా ఉంటుంది, నా దగ్గరా ఉంటుంది.

ఇంత చిన్న సంగతి మనకెందుకు తట్టలేదు? అడిగి చూడు తల్లీ.

నీ అత్త

*

తడ,
జనవరి 18

అత్తా,

నాకు తట్టకపోలేదు. అడగబుద్ధి కాలేదు, అంతే. ఎందుకో తరవాత రాస్తాను.

మీరు రాసినాక మా బస్సుల సూపర్‌వైజరు జయకుమార్ సారును అడిగాను. ఆయన మనవైపు మనిషే, మనుబోలు. నవ్వుతూనే రెండు చిక్కులు చెప్పాడు. ఒకటి, మీ ఊరి నుంచి నువ్వొక్కదానివే ఎక్కితే బస్సు పంపరు, కనీసం సగం సీట్లయినా నిండాలి. కొత్తగా పనికి చేరేవాళ్ళుంటే తీసుకుంటారంట, పది పాసయితే చాలు.

రెండోది నేను అనుకోనిది. "బస్సు వచ్చేదానికి రోడ్డుండాది సరే, తిరిగేదానికి చోటేదమ్మా మీ ఊళ్ళో? ఒకపక్క కాలవ, ఇంకోపక్క చెరువులు. డ్రైవరు వాకాడు దాకా రివర్సులో రావాల్నా? వాడికి మెడ పట్టేస్తే నువ్వు నూనె రాస్తావా?" అన్నాడు. హాల్లో అందరూ నవ్వారు.

నిజమే కదా. మన వీధిలో ఆటో తిప్పాలన్నా ముందు ధనలక్ష్మక్క వాళ్ళ మేకలను తోలాలి.

ఒకవేళ బస్సు వచ్చినా పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. పొద్దుగూకినాక ఇల్లు చేరితే పాపతో నేను గడిపేది ఎంతసేపు? అది కూడా ఆలోచించండి. ఇంటి ఓనరమ్మ మళ్ళీ ఫోను చేసింది.

మీ మెర్లిన్

*

దిబ్బపాళెం,
ఫిబ్రవరి 3

అమ్మా మెర్లిన్,

సీట్ల సంగతి దేవుడు చూసుకున్నాడు. నేను కాదు, ధనలక్ష్మి. కంపెనీలో పనిచేసిన ఆడవాళ్ళ ఇళ్ళకు, వాళ్ళ కూతుళ్ళ ఇళ్ళకు తిరిగింది. పది పాసై ఇంట్లో కూర్చున్న పిల్లలు ఊళ్ళో ఇంతమంది ఉన్నారని నాకే తెలియదు. హాస్టల్లో వదలాలంటే భయపడిన తండ్రులు, పొద్దుగూకి ఇంటికొస్తుందంటే సరేనంటున్నారు. ఒకాయన మాత్రం "ఆడోళ్ళంతా బస్సెక్కితే మాకు కూడెవరు వండేది?" అన్నాడు. ధనలక్ష్మి ఊరుకుంటుందా? "నువ్వు కూడా బస్సెక్కు మావా, క్యాంటీన్లో పెడతారంట" అంది.

తిరిగే చోటు కూడా నాకు తెలుసు. నీకూ తెలుసు. కంపెనీ ఆవరణ. కంటెయినర్ లారీలు లోపలికొచ్చి గుండ్రంగా తిరిగి బయటికి పోయేవి. బస్సెంత?

కానీ గేటు తాళం పెంచలకృష్ణ దగ్గరుంది. కంపెనీ ఓనరు నెల్లూరు నుంచి జీతమిచ్చి కాపలా పెట్టాడు. ఓనరును అడగాలన్నా అతని ద్వారానే అడగాలి.

ఆ మనిషిని నేను అడగను.

నా కొడుకు చెరువులో దిగి నీళ్ళు చిలికే మోటారు చక్రం బాగుచేస్తుంటే, గట్టుమీద పాకలో ఉండి కరెంటు వేసినవాడు అతను. తాగి ఉన్నాడని ఊరంతా అన్నారు. అతను కాదని ఒక్కమాట అనలేదు. ఏడాదిన్నర నుంచి అతను ఎదురొస్తే నేను వేరే దారిన పోతాను. అతను కూడా తల దించుకుని పక్కకు తప్పుకుంటాడు. ఆ చేతిలోని తాళం కోసం నేను చెయ్యి చాచాలా?

చాచలేను. పాపను తీసుకుపో. ఓనరమ్మకు మాట చెప్పు. నేను రాను. నా సంగతి నేను చూసుకుంటాను.

ఎలిశబెతు

*

తడ,
ఫిబ్రవరి 10

అత్తా,

మీ ఉత్తరం అందిన రోజే ఇది రాస్తున్నాను.

పెంచలకృష్ణన్న ఆరోజు తాగి లేడు.

మీ అబ్బాయిని మట్టిలో పెట్టిన మర్నాడు అన్న మన పెరటి దడి దగ్గరికొచ్చి నన్ను పిలిచి అంతా చెప్పాడు. చెరువుల మీద గాలి హోరుకు కేక వినబడదని మీకు తెలుసు. నీళ్ళల్లో ఉన్నవాడు తువ్వాలు పైకెత్తి ఊపితే, పాకలో ఉన్నవాడు కరెంటు వెయ్యాలి. అందరూ అట్లాగే చేస్తారు. ఆ పొద్దు ఆయన చెమటకు తలగుడ్డ విప్పి, దులిపి మళ్ళీ చుట్టుకోబోయినాడు. అంతే. అన్న ఆ దులపడం చూసి, పని అయిపోయిందనుకున్నాడు.

తప్పెవరిది అత్తా? ఆలోచించి ఆలోచించి నాకు చేతకాలేదు.

మీకు ఎందుకు చెప్పలేదంటే, ఆ రోజుల్లో మీరు అన్నం ముట్టలేదు. అతని మీద కోపం ఒక్కటే మిమ్మల్ని లేపి నిలబెట్టింది. అది కూడా తీసేస్తే పడిపోతారని భయపడ్డాను. అన్న కూడా "పెద్దమ్మ నన్ను తిట్టుకోనీ మెర్లిన్, ఆమెకు అదన్నా ఉండనీ" అన్నాడు. తాగుబోతు అన్న మాట మోస్తూ ఊళ్ళోనే ఉన్నాడు.

నేను బస్సు సంగతి అడగకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ ఊరొస్తే రోజూ మీ కోపాన్నీ చూడాలి, ఆ అన్న ముఖాన్నీ చూడాలి, నోరు మూసుకోవాలి. అందుకే తడే బాగుందనుకున్నాను.

మీరు తాళం అడగకపోయినా ఫరవాలేదు. ఇది మాత్రం మీకు తెలియాలి.

మెర్లిన్

*

దిబ్బపాళెం,
మార్చి 21

అమ్మా మెర్లిన్,

ఇన్నాళ్ళు రాయలేదని బెంగపడ్డావని ధనలక్ష్మి చెప్పింది. రాయడానికి చెయ్యి రాలేదు. నీమీద రెండు రోజులు కోపం వచ్చింది. ఆ తరవాత నాకు అన్నం తినిపించిన చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి కోపం పోయింది. మూడు వారాలు పడకలో దొర్లుతూ నా కొడుకును తలుచుకున్నాను. చిన్నప్పటి నుంచీ వాడికి అది అలవాటు, తలగుడ్డ విప్పి గట్టిగా దులిపి చుట్టుకోవడం. ఇంట్లో దులిపితే దుమ్మంతా కూరలో పడుతుందని నేనే తిట్టేదాన్ని. నువ్వు రాసింది చదవగానే కళ్ళకు కట్టింది. నిజమే, వాడు అట్లాగే చేసి ఉంటాడు.

పోయిన ఆదివారం ప్రార్థన అయినాక కంపెనీ గేటు దగ్గరికి పోయాను. నన్ను చూసి పెంచలకృష్ణ లేచి నిలబడ్డాడు. పాపం, వెంట్రుకలు తెల్లబడిపోయినాయి. టైటస్ ఈడువాడే కదా. నేను ఏమీ అనకముందే మొలలోంచి తాళంచెవి తీసి నా ముందుకు చాపాడు.

"దీనికోసమే గదా పెద్దమ్మా. ధనలక్ష్మక్క చెప్పింది. ఓనరుకు ఫోను చేసి అడిగేసినా. లోపల పెరిగిన చిల్లచెట్ల ముండ్లకంపంతా కొట్టేసి శుభ్రం చేసుకుంటే వాడుకోమన్నాడు."

"తాళం తరవాత" అన్నాను. "ఆ పొద్దు ఏం జరిగిందో నీ నోటితో చెప్పు."

చెప్పాడు. నువ్వు రాసిందే. చెబుతూ చెబుతూ తన చెయ్యి పైకెత్తి దులిపి చూపించబోయి, మధ్యలో ఆపేసి నేలమీద కూలబడ్డాడు. నేనూ కూర్చున్నాను. ఇద్దరం గేటుకు ఆనుకుని ఏడ్చాము. దారిన పోయేవాళ్ళు చూస్తే చూడనీ అనుకున్నాను.

"నీ మీద తప్పుడు మాట పడితే గమ్మునెందుకుండావురా?" అన్నాను.

"ఏమని చెప్పేది పెద్దమ్మా? తాగలేదు, కండ్లు బాగానే కనబడినాయి, బాగా చూసే వేసినా అని చెప్పాల్నా?"

నా కొడుకు పోయిన బాధ వీసమెత్తు తగ్గలేదు. కానీ దానితోపాటు ఇంకో బరువు మోస్తున్నానని, అది దించినాకనే నాకు తెలిసింది. మధ్యాహ్నం ఇంటికి అన్నానికి రమ్మన్నాను. రానన్నాడు. పాపను పంపించాను, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

సోమవారం నుంచి ఆడవాళ్ళమంతా కత్తులు తీసుకుని చిల్లచెట్ల మీద పడ్డాము. ఆ ముళ్ళు నీకు తెలుసు కదా, చేతులన్నీ గీతలే. తాళం పడ్డాక మొదటిసారి లోపలికి పోయాను. మన బల్లలు తుప్పుపట్టి పోయినాయి. పైకప్పు రేకులు సగం ఎవరో ఊడదీసుకుపోయారు. చూసి దుఃఖం వస్తుందనుకున్నాను గానీ, ధనలక్ష్మి తలుపు దగ్గర నిలబడి, కంపెనీలో సూపర్‌వైజరు లాగా నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏందిమే అంతసేపు, చెట్టు కొడతా ఉండారా చెట్టుకు పెండ్లి చేస్తా ఉండారా?" అనేసరికి అందరం నవ్వు ఆపుకోలేకపోయాము.

కంపెనీ మళ్ళీ తెరుచుకోదు. అది ఇప్పుడు నాకు తెలుసు. తెరుస్తారు, తెరుస్తారు అనుకుంటూ కూర్చుని చాలా పోగొట్టుకున్నాము. కానీ ఆ నేల గట్టి నేల. జయకుమార్ సారును వచ్చి చూడమను.

నీ అత్త

*

తడ,
ఏప్రిల్ 26

అత్తా,

జయకుమార్ సారు పోయిన వారం మన ఊరి నుంచి వచ్చాడు. డ్రైవరుతో కంపెనీ ఆవరణలో బస్సు తిప్పి చూశారంట, ఒక్క చుట్టులో తిరిగిందంట. మీరు పెట్టిన చేపల పులుసు గురించి చెప్పినంతసేపు రోడ్డు గురించి చెప్పలేదు. పై ఆఫీసులో రాసిచ్చాడు. కొత్త పిల్లలకు మే నెలలో ట్రైనింగు. జూన్ మొదటి వారం నుంచి బస్సు. మూడు నెలలు నడిపి చూస్తారు. పిల్లలు మానేసి సీట్లు ఖాళీ అయితే ఆపేస్తారు. అది గట్టిగానే చెప్పాడు.

ఇంటి ఓనరమ్మకు వద్దని చెప్పేశాను. మీరు సంతోషిస్తారని తెలుసు, కానీ నేను పూర్తి సంతోషంగా వస్తున్నానని మాత్రం అనుకోవద్దు. బడి అదే బడి. నీళ్ళు అవే నీళ్ళు. ఆయన చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉంటే వాటిని దాటుకుని నేను లోపలికి ఎట్లా రావాలో తెలియదు.

కానీ నిన్న మన ఊరి పిల్లలు ఇంటర్వ్యూకు వచ్చారు. అది అయినాక ఇచ్చిన కొత్త కార్డులు మెడలో వేసుకుని ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటున్నారు. వాళ్ళల్లో ఒకతె నా దగ్గరికొచ్చి, "అక్కా, నీ పక్కన కూర్చోవచ్చా, నాకు బస్సు పడదు" అంది. జాలి చూపు కాదు. నా సాయం అడిగింది. అప్పుడు నాకు ఊరు రావాలనిపించింది.

మూడు నెలలు చూస్తాను అత్తా. అంతకంటే ఎక్కువ మాటివ్వను.

మీ మెర్లిన్

*

దిబ్బపాళెం, మన ఇల్లు,
జులై 12

అమ్మా మెర్లిన్,

క్యారేజీలో కాగితం చూసి కంగారుపడకు. అందరం బాగున్నాము. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేంటంటావు. కొన్ని మాటలు నీ ముఖం చూస్తూ చెప్పలేను. పైగా నువ్వు ఇల్లు చేరేసరికి పాప నీ ఒళ్ళో ఎక్కుతుంది, నువ్వు దానికి అన్నం పెడుతూ పెడుతూ నిద్రపోతావు. నిన్న ముద్ద చేతిలోనే ఉంది, కళ్ళు మూతపడినాయి. పాప నీ చేతిలో ముద్ద తీసి నీ నోట్లోనే పెట్టింది.

బస్సు ప్రయాణం నిన్ను నలిపేస్తున్నదని నాకు కనబడుతూనే ఉంది. నువ్వు చెప్పవు. నేను పట్టుపట్టి రప్పించాను గనక చెప్పవు. అందుకే రాస్తున్నాను. మూడు నెలలైనాక నీవల్ల కాదనిపిస్తే చెప్పు. తడకే పోదాం. ఈసారి నేనూ వస్తాను. పెంచలకృష్ణ ఇల్లు చూసుకుంటానన్నాడు. అప్పుడు రానన్నది ఊరి మీద ప్రేమతో కాదమ్మా, సగం కోపంతో. కొడుకును తీసుకున్న ఊరిని ఎదురుగా కూర్చుని నిలదియ్యాలని ఇక్కడే కూర్చున్నాను. ఇప్పుడు ఆ పని లేదు. ఉంటే ఇష్టంతో ఉంటాను, పోతే నీతో పోతాను.

బడి సంగతి ఒకటి. నిన్న ఆడవాళ్ళమంతా పోయి ఇంకో టీచరు కావాలని మండలాఫీసులో అడిగాము. చూస్తామన్నారు. మేము కూడా చూస్తాము, చూసి మళ్ళీ పోతాము. ఈ ఊరి ఆడవాళ్ళు ఇప్పుడు జీతాలు తెచ్చుకునేవాళ్ళని ధనలక్ష్మి ఆ సారుకు రెండుసార్లు చెప్పింది.

వేపుడు నెత్తళ్ళ చేపలు అడుగు గిన్నెలో ఉన్నాయి. ఆ బస్సు పడని పిల్లకు కూడా పెట్టు. ఈ కాగితం పారెయ్యకు, వెనక పాప నీకోసం బొమ్మ వేసింది. బస్సంట. నువ్వు కిటికీలో ఉన్నావంట. నాకైతే అచ్చం రొయ్య లాగే ఉంది, కానీ ఆ మాట దానితో అనకు.

నీ అత్త